కూర్చోబెట్టే అత్తయ్య

మా మేనత్తకు నిలబడి ఉన్న మనిషిని చూస్తే పడదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు కూర్చోవాలి, తర్వాతే మాట. కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను కూడా కుర్చీలో కూర్చుని, మెడ సాచి అంకెలు రాసుకోవాల్సిందే. గ్యాస్ బండ తెచ్చే అతను ఆవిడ నోరు తెరవకముందే బండ మీద కూర్చుండిపోతాడు. అలవాటైపోయింది పాపం.

అలాంటి మనిషి చేతికి మా ఫాదర్ గారు చర్చి తాళాలు ఇచ్చారు. ఊరి నడిబొడ్డున, బజారు మధ్యలో ఉన్న పాత చర్చి అది. చుట్టూ ఇళ్ళున్న రోజుల్లో కట్టింది. ఇళ్ళు పోయి షాపులొచ్చాయి, మనుషులు ఊరి చివర కాలనీలకు వెళ్ళిపోయారు. ఆదివారం పూజకు కొందరు బస్సుల్లో వచ్చి, పూజ అవగానే ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వెళ్తారు. మిగతా రోజుల్లో బల్లలన్నీ ఖాళీ. "ఇన్ని బల్లలుండి కూర్చునే దిక్కు లేకపోవడమేమిట్రా!" అని అత్తయ్య నా మీద ఎగిరేది. ఆ బల్లలు నేనే ఖాళీ చేయించినట్టు!

పూజలో బైబిల్లోంచి సువిశేషం చదివేటప్పుడు అందరూ లేచి నిలబడాలి కదా, అప్పుడు చూడాలి ఆవిడ ముఖం. ఇంకా ఎంతసేపన్నట్టు ఫాదర్ గారి వైపు గుడ్లురుముతూ ఉంటుంది. "కాస్త పొడుగు సువిశేషం వచ్చిందంటే నాకు దడే" అని ఆయన స్వయంగా నాతో అన్నారు. తమాషా ఏమిటంటే, అత్తయ్య మాత్రం పూజంతా పక్క గుమ్మం దగ్గర నిలబడే ఉంటుంది. ఎవరైనా వస్తే చోటు చూపించాలట. ఆ చర్చిలో చోటుకేం కరువో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ చర్చికి ఎదురెదురుగా రెండు పక్క గుమ్మాలు. ఒకటి బస్టాండు వీధిలోకి, ఇంకోటి బట్టల షాపుల వీధిలోకి. దాంతో బజారు జనమంతా చర్చి మధ్యలోంచి అడ్డదారిన పోతుంటారు. గుమ్మాలకు తాళం వెయ్యమన్నారు ఫాదర్ గారు. అత్తయ్య ఒంటికాలి మీద లేచింది.

"పోనివ్వండి ఫాదర్. ఊరికే పోనిస్తానా ఏమిటి!"

ఆ రోజు నుంచి అడ్డదారిన వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట. "కూర్చో."

"అర్జెంటండీ, బస్సు వెళ్ళిపోతుంది."

"ఇంకోటి వస్తుంది. కూర్చో."

"నేను మీ మతం కాదండీ."

"బల్లకు మతమేమిటి? కూర్చో."

"మీ అత్తయ్య టోల్ గేటు పెట్టిందటగా" అని బజారంతా నన్ను ఏడిపించేవారు. చర్చిలో జనం కనపడటానికి ఆవిడ వేసిన ఎత్తని మేమంతా అనుకున్నాం. ఎందుకంటే, మా విచారణను, అంటే ఈ చర్చి కిందికొచ్చే సంఘాన్ని, కాలనీల్లోని కొత్త విచారణలో కలిపేసి, ఈ చర్చి మూసేద్దామన్న మాట అప్పటికే పుట్టింది.

ఒక మధ్యాహ్నం బిషప్ గారి కార్యదర్శి చెప్పాపెట్టకుండా దిగారు. ఆయనా ఫాదరే. కానీ మామూలు చొక్కా వేసుకుని పక్క గుమ్మంలోంచి వచ్చారు.

"కూర్చో నాయనా."

"అమ్మా, నేను బిషప్ గారి..."

"ఎవరైతేనేం, కూర్చుని చెప్పు."

సంగతి తెలిసి నేనూ ఫాదర్ గారూ పరుగెత్తుకొచ్చేసరికి ఆయన బుద్ధిగా కూర్చుని ఉన్నారు. పక్కన బట్టల షాపు యూనిఫాంలో నలుగురైదుగురు అమ్మాయిలు, వెనకాల ఒక సెక్యూరిటీ గార్డు. అందరూ చెప్పులు విడిచి హాయిగా కాళ్ళు చాచుకున్నారు. ఇక మా చర్చి పని అయిపోయిందనుకున్నాను.

"మీరు ఈ విచారణ వాళ్ళేనా?" అని ఆయన పక్కనున్న అమ్మాయిని అడిగారు.

"కాదు సార్. షాపులో పనిచేస్తాం. కస్టమర్లు లేకపోయినా అక్కడ కూర్చోనివ్వరు. పొద్దుననగా నిలబడితే షాపు కట్టేదాకా అంతే, కాళ్ళు పీక్కుపోతాయి. అన్నం టైములో ఇక్కడికొస్తే పెద్దమ్మ కూర్చోమంటుంది."

"ప్రార్థన చెయ్యమంటుందా?"

"ఏమీ అనదు సార్. తొందరగా లేస్తే మాత్రం తిడుతుంది."

అత్తయ్య రిటైరయ్యేదాకా పనిచేసింది ఆ వీధిలోనే, అలాంటి షాపులోనే. కాళ్ళ నొప్పుల మాట ఇంట్లో ఒక్కనాడూ ఎత్తలేదు. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

కార్యదర్శి గారు చాలాసేపు లేవలేదు. లేచాక ఫాదర్ గారితో, "ఈ వీధుల్లో ఇళ్ళుండి రాత్రి పడుకునేవాళ్ళు లేరనే చూశాం. పగలంతా ఉండేవాళ్ళ సంగతి ఆలోచించలేదు" అన్నారు. చివరికి ఆదివారం పూజ కాలనీకి మారింది. మా చర్చి మాత్రం మిగతా రోజులన్నీ తెరిచే ఉంటుంది, మధ్యాహ్నం ఒక చిన్న పూజతో.

మొదటి పూజకు బిషప్ గారే వచ్చారు. సువిశేషానికి అందరూ లేచారు. షాపు అమ్మాయిలూ లేవబోతే అత్తయ్య గుమ్మం దగ్గర్నుంచే చెయ్యి ఊపింది. బిషప్ గారు చూసి, "ఆవిడ చెప్పినట్టు వినండమ్మా" అన్నారు. అప్పుడు, ఆ రోజు కార్యదర్శి గారితో మాట్లాడిన అమ్మాయి కాస్త జరిగి, "నువ్వూ కూర్చో పెద్దమ్మా" అని అత్తయ్యను చెయ్యి పట్టుకుని లాగింది. చర్చి అంతా నిలబడి ఉంటే, ఆ అమ్మాయిల మధ్య మా అత్తయ్య కూర్చుని సువిశేషం విన్నది.

ఇంటికొచ్చాక నడుం పట్టుకుని, "ఒరేయ్, ఆ బల్లలు అంత గట్టిగా ఉంటాయని ఇన్నాళ్ళూ ఒక్కళ్ళయినా చెప్పారట్రా!" అంది. బీరువాలోంచి పాత దుప్పట్లు, దూది తీసి నా ముందు పడేసింది. నేను మెల్లగా చెప్పుల వైపు నడిచాను.

"ఎక్కడికిరా? మెత్తలు కుట్టాలి. కూర్చో, సూదిలో దారం ఎక్కించు."