సబ్బు ప్రకటనలో ఆడపడుచు

మా మేనత్త గొంతు రేడియోలో వచ్చే రోజుల్లో, ప్రకటనల వేళ మా ఇంట్లో ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. ఆవిడ ఒక సబ్బుల కంపెనీకి ప్రకటనలు రాసి, తనే చదివేది. గోడలకు గోనెలు బిగించిన ఇరుకు గది. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను కూడా ఆపేసేవారు. ఒళ్లంతా చెమటలు కారుతున్నా, మాట మాత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు ఉండేది.

"కొనండి అన్నావనుకో, వినేవాడి చెయ్యి ముందు జేబు మూస్తుంది. నిన్న ఏమైందో తెలుసా అన్నావనుకో, చెవి తెరుచుకుంటుంది," అనేది.

అలా ప్రకటనల్లో తనకో ఆడపడుచును పుట్టించింది. నోరు పెద్దది, మనసు వెన్న. వారం వారం ఏదో తగువు పెట్టుకుని వచ్చేది, వదిన దుప్పట్లు చూసి మూతి విరిచేది. సబ్బు పేరు చివర్లో మాటవరసకు వచ్చేది, అంతే. కథ మాత్రం సరిగ్గా ఊరించే చోట ఆగిపోయేది.

నిజానికి మామయ్యకు తోబుట్టువులే లేరు. "మా అమ్మ వల్ల కానిది నీ వల్ల అయింది. నాకో చెల్లెలు పుట్టింది," అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం రేడియో ఆఫీసుకు ఒక పెద్దావిడ వచ్చింది. చేతిసంచిలోంచి కొడుకు ఫొటో తీసి అత్తయ్య ముందు పెట్టింది.

"మీ ఆడపడుచుని మా అబ్బాయికి చేసుకుందామని వచ్చానమ్మా. మా ఇంట్లో అందరం నోట్లో నాలుక లేనివాళ్లం. అలాంటి పిల్ల వస్తే ఇల్లు కళకళలాడుతుంది."

అత్తయ్య ఫొటో మెల్లగా వెనక్కి జరిపింది. అలాంటి పిల్ల లేదని, అంతా తను అల్లిందేనని చెప్పింది.

"అందరూ కొనమని మొత్తుకుంటారు, నమ్మను. నువ్వు ఒక్కసారీ అడగలేదు. అందుకే నమ్మాను," అంది పెద్దావిడ. ఫొటో సంచిలో పెట్టుకుని లేచింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"పోనీ, మొన్న అలిగి వెళ్లిపోయింది కదా. మళ్లీ వస్తుందా?"

"వస్తుందండీ. వచ్చే వారమే," అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ.

ఆ వారం నుంచి ప్రతి ప్రకటనకు ముందు "ఇది మేం అల్లిన కథ" అని తనే చెబుతూ వచ్చింది. అమ్మకాలు పోతాయని కంపెనీవాళ్లు గగ్గోలు పెట్టారు. ఏమీ పోలేదు. జనం ఎప్పటిలాగే విన్నారు.

టీవీలు వచ్చాక ఆ గది మూతపడింది. అత్తయ్య మాతో సినిమాలకు రావడం మొదలుపెట్టింది.

"చూడు, డైరెక్టరు ఇంతసేపూ ఆ తండ్రిని వెనకనుంచే చూపిస్తున్నాడు. ఇప్పుడు మొహం చూపించి మనల్ని ఏడిపిస్తాడు," అని గుసగుసగా చెప్పేది. అన్నట్టే జరిగేది. తీరా చూస్తే, అందరికంటే ముందు రుమాలు తీసేది ఆవిడే.

"అన్నీ తెలిసీ ఏడుస్తావేంటత్తయ్యా?"

"ఉల్లిపాయ సంగతి మాత్రం తెలీదా ఏంటి? కోస్తుంటే కళ్లు ఆగుతాయా?"

ఆవిడ పోయాక సినిమాకు వెళితే, పక్క సీట్లో గుసగుస కోసం చెవి ఇంకా అటే పోతుంది.