రాకుమారి నోట ‘ఆయ్’

ఇప్పుడంటే గొంతు అరువిచ్చినవాళ్లని కూడా పిలిచి, మైకు ముందు కూర్చోబెట్టి, ‘మీ జర్నీ చెప్పండి మేడం’ అంటున్నారు గానీ, ఆ రోజుల్లో మమ్మల్ని తలుచుకునే నాథుడు లేడు. తెర మీద ఒకమ్మాయి ఏడ్చేది, చీకటి గదిలో నిలబడి ఇంకో అమ్మాయి ఆ ఏడుపు ఏడ్చేది. నేను ఆ ఇంకో అమ్మాయిని. ముప్పయ్యేళ్లలో నా గొంతు దూరని చోటు లేదు. పసిపిల్లలకి కేర్‌మన్నాను, దెయ్యాలకి నవ్వాను, ఒక చిలకకి మాటలు చెప్పాను, ఒక ఆసుపత్రి లిఫ్టులో ‘తలుపులు మూసుకొనుచున్నవి’ అన్నాను. మొహం కూడా అప్పుడప్పుడూ కనిపించింది లెండి. నర్సుగా తొమ్మిదిసార్లు (తొమ్మిదిసార్లూ ఒకటే డైలాగు, ‘డాక్టరుగారు వస్తున్నారు’), పంచదార అప్పడగడానికొచ్చే పక్కింటావిడగా చాలాసార్లు, ఒక సీరియల్లో నాలుగేళ్లపాటు గయ్యాళి అత్తగారిగా. ఆ అత్తగారి పుణ్యమా అని కూరల బజార్లో ఒకావిడ నన్ను నిలబెట్టి, ‘ఆ పిల్లనెందుకే అలా రాచిరంపాన పెడతావు?’ అని దులిపేసింది కూడా. ఈ బతుకంతా ఒకే ఒక్క మాట మీద నిలబడిందంటే మీరు నవ్వుతారు. ఆ మాటకి ఉన్నవి రెండే అక్షరాలు.

మాది రాజోలు. నాన్నగారికి సెంటర్లో కొబ్బరికాయల కొట్టు. నా కాలేజీ నాటకం చూసిన మా పిన్ని, మద్రాసులో ఉండేది, ‘పిల్లని నాతో పంపండి బావగారూ, డబ్బింగులో పైకొస్తుంది’ అని పట్టుబట్టింది. నాన్నగారు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎనిమిదో రోజు అన్నం దగ్గర నోరు విప్పారు. “ఆర్నెల్లమ్మా. ఈలోగా నీ గొంతు మనూరి హాల్లో నా చెవుల్తో నేను ఇనాలి. ఇనపళ్లేదనుకో, వచ్చేసి బీయీడీలో చేరిపోవాలి. సరేనా?” అన్నారు. “ఆయ్” అన్నాను. మావైపు అంతే. అవునన్నా ఆయే, అలాగేనన్నా ఆయే, వింటున్నాను చెప్పండి అన్నా ఆయే. పెద్దవాళ్లు ఏదైనా అడిగాక నోరు మెదపకుండా కూర్చోవడం మాకు చేతకాదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మద్రాసులో మాచేత మాటలు చెప్పించే ఆయన్ని అందరూ ఒత్తుల మాస్టారు అనేవాళ్లు (ఎవరైనా ఒత్తు మింగేస్తే ఆయనకి జ్వరం వచ్చేది). మొదటి రోజు రికార్డింగు గది అద్దానికి అవతలినుంచి ఆయన, “అమ్మాయీ, సిద్ధమేనా?” అన్నారు. “ఆయ్” అన్నాను. ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకుని, “ఏమిటా శబ్దం?” అని అడిగారు. అది శబ్దం కాదు, మా ఊరు అని ఆయనకి ఎలా చెప్పను? నాలుగు నెలలు గుంపులో గోవిందలా ‘అయ్యో’, ‘పట్టుకోండి’ లాంటి అరుపులు అరవడంతోనే సరిపోయింది. పిన్ని ఇంట్లో నేను ఆయ్ అన్నప్పుడల్లా మోచేతి మీద గిల్లేది. చెయ్యి నల్లబడింది గానీ ఆయ్ పోలేదు. చివరికి మాస్టారు, “ఇంకొక్కసారి ఆ మాట వినపడిందా, నిన్ను రాజోలు రైలెక్కించేస్తాను” అన్నారు. (రాజోలుకి రైలు లేదండీ అని చెప్పబోయి తమాయించుకున్నాను.)

అయిదో నెలలో అదృష్టం తలుపు తట్టింది. ఒక జానపద సినిమా. రాకుమారి బొంబాయి అమ్మాయి, తెలుగు ముక్క రాదు. ఆమెకి చెప్పాల్సినావిడకి గొంతు పట్టేసింది. వేరే దారిలేక మాస్టారు నన్ను నిలబెట్టారు. రాకుమారి గొంతు నాదేనని ఆ రాత్రే నాన్నగారికి ఉత్తరం రాసేశాను. మూడు రోజులు ‘జనకా’, ‘అటులనే’, ‘నా ప్రాణేశ్వరుడు ఎచ్చట?’ అంటూ నన్ను నేనే గుర్తుపట్టలేనంత గంభీరంగా లాక్కొచ్చాను. ఒక్క ఆయ్ దొర్లలేదు. ఇక ఆఖరి ఘట్టం. గడ్డం మహారాజు సింహాసనం మీదనుంచి వంగి, “కుమారీ, ఈ వివాహము నీకు సమ్మతమేనా?” అని అడుగుతాడు. కాగితంలో ‘రాకుమారి మౌనముగా తల వంచును’ అని ఉంది. అంటే నా పని ఊరికే నిలబడటం. కానీ ఆ పెద్దాయన అంత ఆప్యాయంగా, అచ్చం అన్నం దగ్గర నాన్నగారిలాగా అడిగేసరికి నా నోరు నన్నడక్కుండానే, మెత్తగా, “ఆయ్” అంది. సరిగ్గా అప్పుడే అద్దానికి అవతల కాఫీలు వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు. మనసులో అనుకుని ఉంటానులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మనసులో కాదని, అందరం కూర్చుని సినిమా చూసుకున్న రోజున తెలిసింది. రాకుమారి తల వంచింది, మేలిముసుగు కదిలింది, ఆ ముసుగులోంచి సుబ్బరంగా ఆయ్ వచ్చింది. అప్పటికే ప్రింట్లు ఊళ్లకి వెళ్లిపోయాయి. మాస్టారు నావైపు తిరక్కుండానే, “పెట్టె సర్దుకో” అన్నారు. సర్దుకున్నాను. ఏడుస్తూనే సర్దుకున్నాను. ఊరికి వెళ్లి ఇతరుల పిల్లలకి అచ్చులూ హల్లులూ చెప్పుకుంటూ బతకాలన్నమాట అనుకున్నాను.

సినిమా విడుదలైన మూడో రోజు పిన్ని ఇంటికి కొట్టునుంచి నాన్నగారి ఫోను. ఆయన ఎప్పుడు చేసినా మొదటి మాట ఒకటే. “అమ్మాయ్, అన్నం తిన్నావా?” అన్నారు. “ఆయ్” అన్నాను. వచ్చెయ్యమంటారు కాబోలని రిసీవరు గట్టిగా పట్టుకున్నాను.

“ఇదేనమ్మా, ఈ మాటే” అన్నారు. “మీ అమ్మా నేనూ మొదటాటకి వెళ్లేం. సినిమా అంతా ఎవరో మహారాణీగారు మాటాడతన్నారు. ఇది మనమ్మాయి కాదే, పిల్ల మనకి అబద్ధం చెప్పింది అన్నాను మీ అమ్మతో. లేచి వచ్చేద్దామని చెప్పులు కూడా తొడుక్కున్నానమ్మా. అప్పుడన్నావు. హాలంతా ఈలలే. ఎవరో అరిచేడు కూడానూ, ‘రాకుమారిగారిది మనూరేనండోయ్’ అని. నేను నించుని, మా అమ్మాయేనండీ అని చెప్పేను.”

నాన్నగారు పదిమందిలో నిలబడి మాట్లాడటం నేను ఏనాడూ చూడలేదు. అది చూడలేకపోయినందుకు ఇప్పటికీ బాధే. మర్నాడు మాస్టారే కబురు పెట్టారు. గోదావరి జిల్లాల్లో ఆ ఒక్క మాట కోసం జనం రెండోసారి వస్తున్నారని సినిమా కొన్నవాళ్లు ఫోను చేశారట. ఆయన మొహం చిట్లించుకునే, “ఈసారికి ఉండు” అన్నారు. ఉన్నాను. బుద్ధిగా ఆ మాట మానేశాను. ఎంత బాగా మానేశానంటే, మొన్న దాని అవసరం పడితే నోటికి రాలేదు.

మొన్నంటే నిజంగా మొన్నే. ఇప్పుడు మా యాసకి గిరాకీ వచ్చింది కదా. కొడుకు వయసున్న ఒక దర్శకుడు అమలాపురం బామ్మ వేషానికి నాచేత మాటలు చెప్పించుకుంటూ, “మేడం, ఆ ‘ఆయ్’ కొంచెం నేచురల్‌గా రావాలి, మీది హైదరాబాద్ అనుకుంటా, ట్రై చేయండి” అన్నాడు. (ఒత్తుల మాస్టారు వింటే ఎంత మురిసిపోయేవారో!) ఏడుసార్లు చెప్పాను. ఏడుసార్లూ అది నటిస్తున్నట్టే ఉంది, నాకే తెలుస్తోంది. అయిదు నిమిషాలు ఆగమని చెప్పి, కళ్లు మూసుకుని, ఆ చీకటిగదిలో ఊరికే నిలబడ్డాను. ఆయ్ అనేది మనంతట మనం అనే మాట కాదని అప్పుడు తట్టింది. ముందు ఎవరో ఒక పెద్దవాళ్లు మనల్ని ఏదో ఒకటి అడగాలి. నన్నలా అడిగేవాళ్లు వెళ్లిపోయి పదేళ్లు దాటింది. అయినా చెవి అటే పెట్టి, ఆ పాత ఫోను ఎత్తినట్టే నిలబడ్డాను.

“ఆయ్” అన్నాను.

“ఇదే మేడం! సూపర్! ఇంతసేపూ రానిది ఇప్పుడెలా వచ్చింది?” అని అద్దం అవతలనుంచి కేకేశాడు ఆ పిల్లాడు.

“అన్నం తిన్నావా అని అడిగారు బాబూ, చెప్పాను” అన్నాను. పాపం, అతను గడియారం చూసుకుని, నాకు ఆకలేస్తోందనుకుని భోజనం తెప్పించాడు.