పైడమ్మ పేరు రాశానన్నాను

ఆరేళ్ళుగా ఒక పేరు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, కనక మీ దగ్గరైతే నోరు పెగులుతుందేమో. ఇక నావల్ల కాదు.

అప్పట్లో నేను శ్రీముఖలింగానికి దిగువన, వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో పంచాయతీ కార్యదర్శిని. వానలు పడకముందే మేం ఒక ప్రణాళిక కాగితం పంపాలి. ఏరు పొంగితే ఎవరెవరు తమంతట తాము నడిచి రాలేరు, వాళ్ళ ఇల్లెక్కడ, ఎవరు మోసుకొస్తారు, ఏ బడిలో పెడతారు, ఇదంతా ఇంటింటికీ తిరిగి రాయాలి. తిరిగేదెవరు? ఎండ మండిపోతోంది. సాయంత్రానికల్లా పంపమని మండలం నుంచి ఫోను మీద ఫోను. నేనేం చేశానో తెలుసా? నిరుటి కాగితం తీసి, సంవత్సరం ఉన్నచోట తెల్లరంగు పూసి, కొత్త అంకె వేశాను. ఆ నిరుటి కాగితం కూడా అంతకుముందు దానికి నకలే. అందరూ చేసేదే కదా అనుకున్నాను.

సర్పంచి సంతకం అయింది, జిరాక్సులూ అయ్యాయి. అప్పుడొచ్చాడు సన్యాసయ్య. దిగువ వీధి మనిషి, డెబ్బై దాటాయి, ఒకప్పుడు తాటిచెట్లెక్కి బతికాడు. నాకోసం ఆకులో ముంజెలు చుట్టి తెచ్చాడు. నేను తింటున్నాను.

"బాబూ, మా ఆడదాని పేరు ఓపాలి రాసుకోండి. పైడమ్మ. కాలూ సెయ్యీ పడిపోనాయి, మంచం దిగలేదు. ఏరొస్తే నానొక్కన్నీ ఏటి సెయ్యగలను?"

"రాసేశాను తాతా. నువ్వు బెంగెట్టుకోకు. పడవ నీ గుమ్మంలోకే వస్తాది."

"రాసేసినారా? అయితే సాలు బాబూ."

నా చేతిలో పెన్ను కూడా లేదు. ముంజె ఉంది.

ఒక్క పేరు కలిపితే మళ్ళీ సంతకం, మళ్ళీ జిరాక్సులు. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. మీతో నిజం చెబుతున్నాను, అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు, పాపం ముసలాయన మనసు కుదుటపడింది కదా అని నాకు నేను మంచివాడిలాగే కనిపించాను. తర్వాత మర్చిపోయాను.

ఆ వానాకాలమే ఏరు పొంగింది. పైన ఒడిశాలో కుండపోత. పొద్దున్నే నీరు దిగువ వీధిలోకి వచ్చేసింది. ఇరుగుపొరుగు వాళ్ళు పరిగెత్తుకొచ్చి, మంచంతో సహా ఎత్తుకుపోతాం పద అన్నారట. సన్యాసయ్య వద్దన్నాడట. ఆ కుదుపు మా ఆడది తట్టుకోలేదు, ముందు మీ పిల్లల్ని దాటించుకోండి, మాకు పడవొస్తాది, బాబు పేరు రాసుకున్నారు అన్నాడట. ఇదంతా తర్వాత పొరుగింటావిడ నాకు చెప్పింది. చెబుతుంటే నేను తల ఊపుతూ విన్నాను.

పడవ వచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి రప్పించిన దాలయ్య అనే పడవవాడు నడిపాడు. చేతిలో నా కాగితం జిరాక్సు. అందులో మొదటి ఇంటి ముసలాయన పోయి రెండేళ్ళయింది. ఆ తలుపు కొట్టి, లోపలికి దిగి, మూలమూలా వెతికి, మనిషి లేడని తెలిసేసరికి ఎంతసేపు పోయిందో. తర్వాత మిగతా ఇళ్ళు. పైడమ్మ ఇంటికి వెళ్ళలేదు. ఎందుకు వెళతాడు? మధ్యాహ్నానికి మట్టిగోడ నాని మంచం మీద కూలింది. సన్యాసయ్య ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆమె పోయింది, ఆయన బతికాడు.

ఇంతవరకూ నాది బద్ధకం అని మీరనొచ్చు. ఇప్పుడు చెప్పేది బద్ధకం కాదు.

నీరు తీశాక విచారణకొచ్చారు. జాబితా చూపించమంటారని నాకు తెలుసు. వాళ్ళు వచ్చేలోపు ఆఫీసు తలుపు దగ్గరగా వేసి, నా దగ్గరున్న అసలు కాగితంలో అడుగున పైడమ్మ పేరు రాశాను. అదే సిరా, అదే దస్తూరి. మండలానికి పంపిన నకలు ఏ బీరువాలో పడి ఉందో, దాన్ని తీసి చూసినవాడు లేడు. దాలయ్య కాగితం ఏటిపాలయింది. అందులో ఆ పేరు లేదని అతను పిల్లల మీద ఒట్టేశాడు. ఎవరు నమ్ముతారు? రాతలో ఉంది కదా. ఊరంతా అతన్ని నానా మాటలూ అంది. విచారణ జరిగిన బడి అరుగు దగ్గర నిలబడి అతను నా వైపే చూశాడు. నేను రిజిస్టరులోకి చూశాను. ఆ తర్వాత అతన్ని పడవ పనికి ఎవరూ పిలవలేదని విన్నాను.

ప్రభుత్వం ఏం చేస్తోందని అందరూ తిట్టారు. సిగ్గులేకుండా నేనూ వాళ్ళతో కలిసి తిట్టాను. దిగువ వీధికి ప్రభుత్వం అంటే ఎవరు? జిల్లాలో కూర్చున్నవాళ్ళా? సన్యాసయ్య నడిచొచ్చి అడిగింది నన్ను. రాశానని చెప్పింది నేను.

తర్వాత బదిలీ మీద ఇటు వచ్చేశాను. మొన్న వేసవిలో చీపురుపల్లి స్టేషన్లో సన్యాసయ్య కనిపించాడు. కూతురింటికి వెళుతున్నాడట. బాగా వంగిపోయాడు. నా రెండు చేతులూ పట్టుకుని, మీ తప్పేటుంది బాబూ, మీరు రాసినారు, ఆ పడవోడే రానేదు, ఆడి పాపం ఆడిదే అన్నాడు. మాట నా నోటిదాకా వచ్చింది. ఇంతలో రైలొచ్చింది. ఆయన సంచీ లోపల పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాను. రైలు కదిలేదాకా నిలబడ్డాను. చెప్పలేదు. పోనీ, ముసలాయనకి ఆ నమ్మకమైనా మిగలనీ అనుకున్నాను. చూశారా, మళ్ళీ నన్ను నేను మంచివాణ్ణి చేసుకోవడమే.

క్షమించమని అడగను. అడిగే మొహం కాదు నాది. ఈ కాగితం వాళ్ళిద్దరికీ చేరుతుందో లేదో, చేర్చే ధైర్యం నాకుందో లేదో, అదీ తెలీదు. కానీ ఈసారి చేతిలో పెన్ను ఉంది.

సన్యాసయ్య తాతా, పైడమ్మ పేరు నేను రాయలేదు. దాలయ్యా, నీ కాగితంలో ఆ పేరు లేదు.