నొక్కిన చెయ్యి తీయలేదు

మా కోడలు గేదెకు జొన్నచొప్ప కోస్తుంటే కొడవలి జారి, ఎడమ ముంజెయ్యి లోపలివైపు లోతుగా తెగింది. అరుపు విని దొడ్లోకి పరుగెత్తాను. నెత్తురు కారడం కాదు, చిమ్ముతోంది.

మిరపకోతలప్పుడు ఊళ్లోకి వచ్చిన నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. గుడ్డ పెట్టి గట్టిగా నొక్కాలి, తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టాలి, తీసి చూడకూడదు. నా చదువు మూడో తరగతితో ఆగింది. అయినా పనికొచ్చే మాట ఒకసారి వింటే వదలను.

కోడల్ని పడుకోబెట్టి, చెయ్యి పైకెత్తి, కొంగుతో నొక్కిపట్టాను. గృహప్రవేశాల్లో మాకు పెట్టిన తువ్వాళ్లు పెట్టెలో ఉన్నాయి. మళ్లీ ఎవరికైనా పెట్టొచ్చని మడత విప్పకుండా దాచినవి. "అన్నీ పట్రారా!" అని కొడుకుని కేకేశాను.

ఈలోగా పక్కింటావిడ వచ్చింది. మా దగ్గర దెబ్బ తగిలిందంటే వచ్చిన ప్రతి మనిషీ గాయం చూడాల్సిందే. చూడకపోతే పట్టించుకోనట్టు లెక్క.

"ఏదీ అత్తా, ఎంత తెగిందో చూడనీ."

"ఇదేమన్నా పెళ్లిచూపులా ఏంటే? నీ చెయ్యి తియ్యవే!"

"పోనీ కాఫీపొడన్నా అద్దుదాం. చానా నెత్తురు పోతంది."

"పొడి నీ ఇంట్లోనే ఉంచు, రేపొచ్చి కాఫీ తాగుతా. ముందు మీ ఆయన్ని ఆటో తియ్యమను!"

మొండి మనిషినని గొణుక్కుంటూనే పరుగెత్తింది.

నూజెండ్ల దాటాక ఆటోలో కోడలి కళ్లు మూతలు పడసాగాయి.

"ఏమే, నిద్రపోతన్నావా? సాయంత్రం గేదెని ఎవరు పితకాల?"

"మీరున్నారుగా అత్తయ్యా," అంది. మాట వచ్చింది, చాలు. తువ్వాలు మీద తువ్వాలు వేస్తూ ఇంకా గట్టిగా అదిమాను.

వినుకొండ ఆస్పత్రిలో డాక్టరు, "ఇక తీయండమ్మా," అన్నాడు.

"మీరు సిద్ధమైతేనే తీస్తా."

"సిద్ధంగానే ఉన్నాం తల్లీ!"

అప్పటికి నా వేళ్లు కొయ్యబారిపోయాయి. నర్సు ఒక్కోటీ విడదీయాల్సి వచ్చింది.

కుట్లు వేసి బయటికొచ్చిన డాక్టరు, రక్తనాళం తెగిందనీ, అలా నొక్కి పట్టబట్టే మనిషి దక్కిందనీ చెప్పాడు. లోపలికి వెళ్లేసరికి కోడలు నా వైపు చూస్తూ కట్టు బయట ఉన్న వేళ్లు ఆడించింది. బొటనవేలుతో సహా అన్నీ కదిలాయి. నెత్తురు మరకల చీరతోనే వార్డు మధ్యలో నిలబడి, అందరూ తిరిగి చూసేలా నవ్వాను.