లొరెయిన్ గిటారుకు శ్రుతి కుదరదు

లొరెయిన్ ఆంటోన్ పాట వినాలంటే ముందు ఆమె గిటారుకు శ్రుతి కుదరాలి. అది కుదరదు. ఎండిన బావిలో నీళ్ళూరతాయి, అలిగిన అల్లుడు భోజనానికి లేస్తాడు, ఆరిజోనాలో వాన కూడా పడుతుంది; ఆ గిటారు మూడో తీగకు మాత్రం శ్రుతి కుదరదు. కళ్ళు మూసుకుని, చెవి ఆనించి, బిరడా తిప్పి, టింగుమనిపించి "ఆల్మోస్ట్!" అంటుంది. మళ్ళీ తిప్పుతుంది. మళ్ళీ "ఆల్మోస్ట్!"

మేము 1979లో ఆరిజోనాలోని చాండ్లర్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నప్పుడు ఆమె మా పక్కింటావిడ. గిలా నది రిజర్వేషన్‌లో, అంటే అక్కడి ఆదివాసులకని విడిచిన ప్రాంతంలో, పుట్టింది. ఆమె జాతివాళ్ళను బయటివాళ్ళు పీమాలంటారు, వాళ్ళు మాత్రం ఓధమ్ అని చెప్పుకుంటారు. వారమంతా స్కూలు లైబ్రరీలో ఉద్యోగం, శనాదివారాలు సొంతంగా కట్టిన పాటలు. మేము దిగిన రోజే గోడ మీదుగా బుట్టెడు నిమ్మకాయలు అందించింది. నేను వాటినే ఊరగాయ పెట్టి తిరిగిచ్చాను. ఆమె రుచి చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "శశీ, ఇంకొంచెం!" అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు తోబుట్టువే.

ఓసారి వరండాలో కూర్చుని ఒక విచిత్రం చెప్పింది. "మా ఇంట్లో ఏ పాటైనా రెండో చరణం నుంచే మొదలవుతుంది. మా అమ్మకు మొదటి చరణాలు రావు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

చిన్న వయసులో ఒక పెద్ద కంపెనీ ఆమె చేత రికార్డు చేయించింది. పాటలు వాళ్ళవి, విస్కీ గురించీ ట్రక్కుల గురించీ. అట్ట మీద బొమ్మకు ఆమె నెత్తిన ఈకల కిరీటం పెట్టారు. "మా అమ్మమ్మ నెత్తిన మోసింది నీళ్ళ కుండ. ఈకలు కోడికుంటాయి!" అని చెప్పి వచ్చేసింది. ఆ తరువాత ఏ కంపెనీ పిలవలేదు.

అలాంటి మనిషిని మా ఉగాది సభలో పాడమని నేనే పిలిచాను. మా తెలుగు సంఘం అధ్యక్షులు రాధాకృష్ణ గారికి ప్రోగ్రాం టైము అంటే వేదవాక్కు. భోజనాలయ్యాక పాట. అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. మేము ఆడవాళ్ళం కొందరం వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాం. కాసేపటికి ఆయన రుసరుసలాడుతూ వచ్చారు.

"ఏమ్మా శశికళా, మీ ఫ్రెండ్ పాడుతుందా, గిటార్ రిపేర్ చేస్తుందా?"

"శ్రుతి చూసుకుంటోందండీ."

"మా బావమరిది పెళ్ళికి ముహూర్తం కూడా ఇంతసేపు చూడలేదు!"

దేవుడి దయ చూడండి, మేము చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నామో లేదో తీగ కుదిరింది, పాట మొదలైంది. ఆ తరువాత ఆమె ఎక్కడ పాడినా అంతే. నేను పని ముగించుకుని ఎంత ఆలస్యంగా వెళ్ళినా మొదటి ముక్క నుంచీ వినేదాన్ని. వేంకటేశ్వరస్వామి నా మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాడనుకునేదాన్ని.

1984లో ఒక రోజు లొరెయిన్ గోడ దూకినంత పని చేసి వచ్చింది. "శశీ! ఫీనిక్స్‌లో ఒక చిన్న కంపెనీ ఒప్పుకుంది! మా భాషలో, నా పాటలు! మా ఊరి హాల్లో, మా వాళ్ళ ముందు పాడితే రికార్డ్ చేస్తారట!" ఇద్దరం పెరట్లో చిన్నపిల్లల్లా గంతులేశాం. మావారు దామోదర్ గారు కిటికీలోంచి చూసి, "భూకంపమా?" అన్నారు.

ఆ శనివారం పులిహోర గిన్నెతో రిజర్వేషన్ హాలుకు వెళ్ళాను. ఊరందరికీ భోజనాలు పెట్టారు. లొరెయిన్ మేనత్తల పక్కన నేనూ వంటింట్లో చేరాను. వాళ్ళ బీన్స్, నా పులిహోర ఒకే వరుసలో వడ్డించాం. గరిటె భాష ఎక్కడైనా ఒకటే. భోజనాలయ్యాక గిన్నెలు తోముతుంటే రికార్డింగ్ చేసే వేన్ అనే అబ్బాయి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మేడమ్, మీరు ఆమె ఫ్రెండ్ కదా, కాస్త చెప్పండి! ఆ గిటార్ పొద్దున నేనే ట్యూన్ చేశాను. మిషన్ పెట్టి చూశాను, పర్ఫెక్ట్! ఆమె తీగ వదులు చేసి, మళ్ళీ బిగిస్తోంది!"

"పొరపాటునేమో బాబూ?"

"కావాలనే! అక్కడ టేపు తిరిగిపోతోంది. నాలుగింటికి ఈ హాల్లో పెళ్ళి విందు, పెళ్ళివాళ్ళు పూలతో వచ్చి బయట నిలబడ్డారు. ఇవాళ అవకపోతే మా కంపెనీ ఇంకో ఛాన్స్ ఇవ్వదు!"

తలుపు దగ్గరికి పరుగెత్తి, మొదలుపెట్టమని చేతులూపాను. లొరెయిన్ ఒక కన్ను తెరిచింది. నన్ను చూసింది. నా భుజం మీదుగా వంటింట్లోకి చూసింది. కన్ను మూసుకుంది.

"ఆల్మోస్ట్!"

వెనక్కి తిరిగాను. మేనత్తలు ఇంకా గిన్నెలు తోముతున్నారు. మా ఊరి బడిలో పంతులుగారు చివరి వరుస పిల్లలు కూడా వచ్చి కూర్చున్నాక గానీ ప్రార్థన మొదలుపెట్టేవారు కాదు. ఆ సంగతి గుర్తొచ్చింది; లొరెయిన్ వాళ్ళమ్మ మొదటి చరణాలన్నీ ఇలా వంటింట్లోనే పోగొట్టుకుందని అప్పుడు తట్టింది. దేవుడి దయేనని నేను అనుకున్నది నిజమే. కాకపోతే ఆయన దాన్ని ఈ మనిషి వేళ్ళతో చేయిస్తున్నాడు!

కొళాయి కట్టేశాను. "అత్తయ్యా, రండి! అందరూ రండి!" అని ఒక్కొక్కరి చేతుల్లోంచి గిన్నెలు లాగేశాను. పెద్దత్త కదలనంది. "ఈ ఒక్క గిన్నె కడిగేసి వస్తాను."

"ఆ ఒక్క గిన్నె మీ మేనకోడలి రికార్డు ముంచుతుంది, పదండి!" అని గిన్నెతో సహా నడిపించాను. తలుపు కిర్రుమంది, నా గాజులు గలగలమన్నాయి, అందరం చివరి బల్ల మీద సర్దుకుని కూర్చున్నాం.

టింగ్!

లొరెయిన్ రెండు కళ్ళూ తెరిచి నవ్వింది. పాట అందుకుంది. ఎడారిలో తొలి వాన వాసన గురించి ఆ పాట. అర్థం తరువాత చెప్పించుకున్నాను గానీ, వాసన అప్పుడే తెలిసింది. మొదటి చరణం కాగానే పెద్దత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ పాటకు ముందు ఇంకో చరణం ఉందా!"

పెళ్ళివాళ్ళు తలుపు దగ్గర పూలతో నిలబడి చప్పట్లు కొట్టారు. నాలుగు దాటింది. పెళ్ళికూతురే ఇంకో పాట పాడమంది.

మరుసటి ఏడాది రికార్డు వచ్చింది! అట్ట మీద ఈకలు లేవు, అమ్మమ్మ నీళ్ళ కుండ ఉంది. ముందున్న చప్పుళ్ళు కత్తిరిస్తానని వేన్ అంటే లొరెయిన్ ఒప్పుకోలేదు. అందుకే అది ఒక "ఆల్మోస్ట్!"తో మొదలై, తలుపు కిర్రుమన్నాక పాటలోకి వెళుతుంది. ఫీనిక్స్ రేడియోలో వేసినప్పుడు మా వీధంతా కార్లాపుకుని విన్నాం. రాధాకృష్ణ గారు ఫోన్ చేసి, "మొదట్లో గలగలమనేది వాళ్ళ సంప్రదాయ వాయిద్యమామ్మా? అద్భుతం!" అన్నారు. గాజులు సవరించుకుంటూ జరిగిందంతా చెప్పాను.

ఆ ఉగాదికి కొత్త రికార్డులోని పాటలు పాడటానికి లొరెయిన్ మళ్ళీ వేదిక ఎక్కింది. చెవి గిటారుకు ఆనించింది. రాధాకృష్ణ గారు వాచీ చూసుకోలేదు. చొక్కా చేతులు మడుచుకుని వంటింట్లోకి వచ్చి నా చేతిలో గరిటె లాక్కున్నారు.

"మీరంతా వెళ్ళి కూర్చోండమ్మా. ఇక్కడి పని నేను చూస్తాను. లేకపోతే ఆవిడ తీగ ఈ ఏడాదికి కుదరదు."

అందరం వెళ్ళి ముందు వరుసలో దర్జాగా కూర్చున్నాం. లొరెయిన్ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. తరువాత వంటింటి తలుపు వైపు చూసింది. లోపల రాధాకృష్ణ గారు ఒక్కరే సాంబారు గిన్నెతో కుస్తీ పడుతున్నారు.

లొరెయిన్ బిరడా మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుంది.

"ఆల్మోస్ట్!"