ఇరవై రెండు మంది చూసిన వరద

నా చిన్నప్పుడు ఒక్క మధ్యాహ్నంలో నేను పోగొట్టుకున్నవి ఇవి: గుండ్రటి అక్షరాలతో దించి రాసిన ఆరు పేజీలు, వాటికి పట్టిన రెండు ఆదివారాలు, అరిగిపోయిన రీఫిల్ ఒకటి, తెలుగు మేడం దగ్గర రెండేళ్ళుగా ఉన్న మంచి పేరు. అయిదోది ఇంకా పోలేదు గానీ పోయేలా ఉంది. అది హాల్ టికెట్.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. తొంభైల్లో, అబిడ్స్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. లెక్కలంటే ప్రాణం, రాయమంటే జ్వరం. కాగితం ముందు కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోయేది. పరీక్షలకు ముందు ప్రతి ఒక్కరూ 'నేను స్వయంగా చూసిన సంఘటన' అని ఒక వ్యాసం రాసివ్వాలి, దాని మీద మేడం సంతకం ఉంటేనే హాల్ టికెట్ అని మా కాలేజీలో నియమం. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో నాకో వ్యాసాల గైడు దొరికింది. అందులో ఏదో ఊరికి వరద వచ్చిన సంగతి ఉంది. అదే దించేశాను.

ఆ గైడు నాకొక్కదానికే దొరికిందనుకోవడం నా తప్పు. మా క్లాసులో ఇరవై రెండు మందిమి అదే వరదను స్వయంగా చూశాం. అందరి వరదలోనూ ఇరవై ఇళ్ళు కూలాయి, పదిహేను నిలిచాయి, ఊరు మొత్తం ముప్పై ఇళ్ళు. గైడులో అచ్చుతప్పు అది. నా కాగితంలో మాత్రం ముప్పై అయిదు. తప్పు కూడిక కంటబడితే ఊరుకోలేని దాన్ని, రాస్తూ రాస్తూ దిద్దేశాను.

మేడం ఆ కాగితాలన్నీ బల్ల మీద పడేసి నన్నొక్కదాన్నే నిలబెట్టారు. "నీకు కూడడం వచ్చు. మరి చూడడం రాదా?" అన్నారు. మర్నాడు ఒంటిగంటలోపు అందరూ సొంతంగా రాసి తేవాలి, ఆ తర్వాత ఎవరొచ్చినా సంతకం లేదు అన్నారు. మిగతా ఇరవై ఒక్క మందీ తలో దారి చూసుకున్నారు. మర్నాడు పొద్దున పది గంటలకు నా దగ్గర ఉన్నది శీర్షిక ఒక్కటే.

నాంపల్లిలో మా పక్క పోర్షన్‌లో ఉండే తాత కోర్టు గేటు బయట మడత బల్ల వేసుకుని అర్జీలు రాసేవాడు. చదువు రాని వాళ్ళు వచ్చి తమ గోడు చెప్పుకుంటే ఆయన దాన్ని కాగితం మీద పెట్టేవాడు. వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"ఏంది బిడ్డా, కాలేజీకి పోలే?"

అంతా చెప్పి, నువ్వే రాసిపెట్టు తాతా అని బతిమాలాను. పింఛను అర్జీ కోసం కూర్చున్న ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "జర జల్ది కానియ్యుండ్రి. నాకంటే ముందు నా అర్జీ ముసలిదైతది" అంది.

తాత తెల్ల కాగితం తీశాడు. "రాస్త. గానీ చూడనిది నేను రాయ. ఏమైందో చెప్పు."

"నేనేం చూడలే తాతా."

"నిన్న దినమంత కండ్లు మూసుకున్నవా?"

ఏ అర్జీకైనా నాలుగే ప్రశ్నలట. ఎవరు, ఏమైంది, ఏం పోయింది, ఏం కావాలి. ఆయన అడుగుతుంటే నేను నిన్నటి సంగతి చెప్పుకుపోయాను. గైడు, వరద, ముప్పై అయిదు, మేడం, అన్నీ. ఆయన కలం కదులుతూనే ఉంది. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. పదకొండున్నరకు ఆయన కాగితం నా వైపు తిప్పాడు. ఎడమ పక్కన పై నుంచి కిందికి నా మాటల్లోని అంకెలు మాత్రమే ఉన్నాయి. కుడి పక్కంతా ఖాళీ.

"గిట్ల మోసం చేస్తవా తాతా?" అన్నాను.

"మోసమేంది? అంకెలు నీయే గద. ఒక్కటన్న తప్పుంటే చూపియ్యి." అలా అనేసి ముసలామె వైపు తిరిగాడు.

చూశాను. మొదటిదే తప్పు. వరద చూసిన వాళ్ళు ఇరవై మూడు అని ఉంది. ఆయన చేతిలో కలం లాక్కున్నంత పని చేసి దాన్ని కొట్టేశాను. పక్కన ఇలా రాశాను: 'ఇరవై మూడు కాదు, ఇరవై రెండు. ఒకమ్మాయి జ్వరంతో వ్యాసం ఇవ్వలేదు కాబట్టి దొరకలేదు.' రాశాక గానీ తెలియలేదు, అది నా జీవితంలో ఏ పుస్తకంలోనూ చూడకుండా రాసిన మొదటి వాక్యమని. దాని వెనక రెండోది వచ్చింది. ముప్పై అయిదు దగ్గరికొచ్చేసరికి చెయ్యి నన్ను దాటి పోతోంది. అంత తప్పుగా రాసేవాడు కాదు తాత. ఆ ఇరవై మూడు కావాలనే వేశాడు.

పన్నెండున్నర అయింది. తాత తొంగి చూశాడు. "నాలుగోది రాయలే. ఏం గావాలె నీకు?"

"హాల్ టికెట్."

"అది మీ మేడం ఇచ్చేది. నీకేం గావాలె అంటున్న."

'నా కోరిక' అని రాసి, ఖాళీ వదిలి, కాగితాలు పట్టుకుని పరుగెత్తాను. స్టేషను దగ్గర ఆటోలు, తోపుడు బండ్లు. రోడ్డు దాటడానికే మూడు నిమిషాలు పోయాయి. స్టాఫ్ రూములో అడుగు పెట్టేసరికి ఒంటిగంటకు నాలుగు నిమిషాలు తక్కువ. మేడం ఒక్కొక్క పేజీ చదువుతుంటే నేను గోడ గడియారం చూస్తున్నాను. ముప్పై అయిదు దగ్గర ఆవిడ ఫక్కున నవ్వారు. చివరికి వచ్చాక నవ్వు ఆగింది.

"ఇదేమిటి, కోరిక అని రాసి వదిలేశావు?"

"ఇంకా తెలీదు మేడం."

ఆవిడ మళ్ళీ మొదటి పేజీకి తిప్పారు. ఇక సంతకం లేదనుకున్నాను. "తెలిశాక రాసి తెచ్చివ్వు" అని సంతకం చేశారు.

ఆ తర్వాత నేను పెద్ద చదువులేం చదవలేదు. స్కూలు యూనిఫారాలు కుట్టించే పనికి అంచనాలు వేయడం నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఉత్తరం రాయాల్సి వస్తే జ్వరమే. అప్పుడు ఎడమ పక్కన అంకెలు వేసుకుంటాను, మొదటిది కావాలనే తప్పు వేస్తాను. దాన్ని చూసి ఊరుకోలేక చెయ్యి కదులుతుంది.

మేడం అడిగింది మాత్రం ఇవ్వలేదు. చాలాసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ అది ఇంకొకరు నా కోసం కోరుకున్నదిలా కనిపించి కొట్టేశాను. ఆవిడకు నేను ఈ రోజుకీ ఒక వాక్యం బాకీ.