అరగని టైరు

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు రాస్తున్నాను. కడుపులో పెట్టుకుని మోసి మోసి నామీద నాకే రోత పుట్టింది.

అమలాపురంలో కరెంటు స్కూటర్లు అమ్మి, బాగుచేసే షాపు నాది. సుగుణ టీచర్ గారు నా దగ్గరే బండి కొన్నారు. కాట్రేనికోన వైపు ఒక ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పేవారు. పెద్దవయసులో స్కూటర్ నేర్చుకున్నారు. బస్సు కోసమో, భర్త తీరిక కోసమో ఎదురుచూడకుండా తనంతట తాను బడికి వెళ్ళిరావడమంటే ఆవిడకి ఎంత సంబరమో, బండి గురించి మాట్లాడేటప్పుడు మొహంలోనే కనబడేది. కానీ సాయంత్రం ఇంటికి చేరేలోపే చార్జింగు అయిపోయేది. రెండు మూడుసార్లు వచ్చి మర్యాదగా చెప్పారు. నాకు విసుగొచ్చింది.

బండితో వచ్చిన టైర్లు మెత్తటి రబ్బరువి. లోతైన గాడులు నీళ్ళని పక్కలకి చిమ్మేస్తాయి, రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది. అలా పట్టుకునేది త్వరగా అరుగుతుంది, బ్యాటరీని కూడా ఎక్కువ తాగుతుంది. గట్టి రబ్బరుతో, పైపై గీతలతో ఇంకో రకం ఉంటాయి. అవి తేలిగ్గా దొర్లిపోతాయి. చార్జింగు మిగులుతుంది, ఏళ్ళు గడిచినా అరగవు. తడి రోడ్డు మీద మాత్రం పట్టు ఉండదు. అలాంటివి నా దగ్గర అమ్ముడుపోక పడి ఉన్నాయి. టీచర్ గారి బండికి అవే వేసేశాను.

వేశాక ఒక చుట్టు తిప్పి చూశాను. షాపు ముందు నీళ్ళు కొట్టిన చోట బ్రేకు వేస్తే వెనకచక్రం జారింది. కాలు ఆనించి నిలదొక్కుకున్నాను. అంటే నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆవిడ దగ్గర టైర్ల ఊసే ఎత్తలేదు. "సెట్టింగు మార్చేనండీ" అన్నాను. ఆ తర్వాత ఆవిడ వచ్చి, ఇప్పుడు చార్జింగు మిగులుతోందని షాపులో అందరి ముందూ మెచ్చుకుంటే, పొంగిపోయాను. థూ.

వానాకాలం వచ్చింది. రొయ్యల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోయే కాలవగట్టు మలుపులో గేదె అడ్డొస్తే ఆవిడ బ్రేకు వేశారు. బండి జారిపోయింది. కుడి మోచెయ్యి విరిగింది.

చేతికి కట్టుతోనే భర్తతో కలిసి షాపుకి వచ్చారు. ఆయన అడిగారు, "టైర్లు గానీ అరిగిపోయేయంటారా?"

నేను వంగి, గీతల్లో వేలు పెట్టి చూపించాను. "చూడండి సార్, కొత్తవాటిలా ఉన్నాయి. అరుగుదలే లేదు. మేడం గారు కంగారుపడి బ్రేకు గట్టిగా నొక్కేసుంటారండీ."

టీచర్ గారు తల దించుకున్నారు. "అయితే తప్పు నాదేనన్నమాటండీ. మీ బండికి చెడ్డపేరు తెచ్చేను."

"ఆయ్," అన్నాను తలూపుతూ.

టైరు నిజంగానే అరగలేదు. రోడ్డుని పట్టుకోని రబ్బరు ఎందుకు అరుగుతుంది? ఆవిడని పడేసిన గుణాన్నే టైరు బాగుందనడానికి సాక్ష్యంగా చూపించాను. అంత తడుముకోకుండా ఎలా అనగలిగాను? ఆవిడ పడ్డారని విన్న రోజునే ఆ మాట సిద్ధం చేసుకున్నానా? చేసుకున్నాననే అనిపిస్తుంది, దాని గురించి ఆలోచించినప్పుడల్లా నా వేలు నాకే మురికిగా కనిపిస్తుంది.

ఆవిడ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేరు. బోర్డు పైవరకూ రాయలేరట. స్కూటర్ మళ్ళీ ముట్టుకోలేదు. ఆ బండిని నేనే వెనక్కి తీసుకుని, పాత మెత్తటి టైర్లు బిగించి వేరేవాళ్ళకి అమ్మాను. అంటే ఏవి బిగించాలో అప్పుడు గుర్తుంది నాకు. క్రిస్మస్‌కి ఆవిడ మా ఇంటికి కేకు పంపుతారు. పిల్లలు తింటారు. ఒక ఏడు నేనూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాను.

మొన్న బస్టాండు దగ్గర కనిపించారు. పక్కన వాళ్ళ బడిలో కొత్తగా చేరిన టీచరమ్మాయి. ఆ అమ్మాయి స్కూటర్ కొనాలనుకుంటోందట. టీచర్ గారు నన్ను చూపించి, "ఈయన దగ్గరే కొనుక్కోమ్మా. నేను పడ్డానంటే బండి తప్పు కాదు, నాకే చేతకాలేదు. అంతేకదండీ?" అన్నారు.

బస్సు ఇంకా రాలేదు. చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది.

"ఆయ్," అన్నాను, మళ్ళీ.

ఆ గట్టి టైర్లు ఇంకా షాపు వెనక పడి ఉన్నాయి. గీతలు అలాగే ఉన్నాయి. సుగుణ టీచర్ గారికి బండి నడపడం వచ్చు, బాగా వచ్చు. ఆవిడని పడేసింది నేను. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టాక గుండె కాస్త తేలికైంది, రోత మాత్రం పోలేదు. ఆవిడ ఇవాళ కూడా బస్సు కోసం నిలబడే ఉంటారు.